షీట్లు నిండుతున్నాయి, పిల్లలు మాత్రం ఆలోచించడం లేదు. ఏం చేయమంటారు?

ఎనిమిదో తరగతికి సైన్స్ చెప్పే ఒక టీచర్ రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. చాలా వివరంగా రాశారు కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతాను.

రెండేళ్ళ క్రితం వాళ్ళ బడిలో ప్రాజెక్టుల ద్వారా చదువు చెప్పడం మొదలుపెట్టారు. ప్రిన్సిపాల్ గారు ఎంతో ఇష్టపడి తెచ్చిన మార్పు అది. ఈవిడను ట్రైనింగ్‌కి పంపారు, తిరిగొచ్చాక ఇన్‌ఛార్జిని చేశారు. మైండ్ మ్యాప్, కె.డబ్ల్యు.ఎల్. చార్టు (తెలిసినవి, తెలుసుకోవాలనుకున్నవి, తెలుసుకున్నవి అని మూడు గళ్ళు), ఫిష్‌బోన్ (చేప ముళ్ళలా గీసే కారణాల బొమ్మ), ఆరు టోపీలు (ఒక్కో రంగు టోపీకి ఒక్కో రకం ఆలోచన), ఇంకా చాలా థింకింగ్ టూల్స్, అంటే ఆలోచించడానికి సాయపడే పద్ధతులు, అక్కడ నేర్పారు. ఇప్పుడు ప్రతి ప్రాజెక్టులోనూ కనీసం ఐదు టూల్స్ వాడాలి, నింపిన షీట్లు ఫైల్లో పెట్టాలి. అది బడి రూలు.

ఈ టర్మ్‌లో ప్రాజెక్టు ప్రశ్న: "మన బడి ఆవరణలో నాటిన మొక్కలు ఎందుకు బతకడం లేదు?" మొదటి రోజు కె.డబ్ల్యు.ఎల్. షీటు ఇచ్చారు. "మాకు తెలిసినవి" అన్న గడిలో అన్ని గ్రూపులూ ఒకటే రాశాయి: మొక్కలకు నీరు కావాలి, ఎండ కావాలి, గాలి కావాలి. "తెలుసుకోవాలనుకున్నవి" అన్న గడిలో: మొక్కల గురించి ఇంకా తెలుసుకోవాలి. తర్వాత ఆరుగురు ఉన్న గ్రూపులో ఒక్కొక్కరికీ ఒక రంగు టోపీ పంచారు. నల్ల టోపీ, అంటే ప్రమాదాలు వెతికే టోపీ, వచ్చిన పిల్లవాడు పీరియడ్ అంతా అందరినీ తప్పుపడుతూ కూర్చున్నాడు, మిగతావాళ్ళు నవ్వుతూ కూర్చున్నారు. ప్రతి గ్రూపులోనూ బాగా చదివే ఒక్కరే రాస్తారు, మిగిలినవాళ్ళు రంగులు వేస్తారు. ఒక అమ్మాయిని "ఇది ఎందుకు రాశావమ్మా?" అని అడిగితే "ఆ బాక్స్ ఖాళీగా ఉంది మేడమ్" అంది. చివర్లో ఎగ్జిబిషన్‌కి వచ్చే మోడళ్ళు చాలావరకు పేరెంట్స్ చేతి పనే.

"ఈ టైములో రెండు పాఠాలు అయిపోయేవి" అని తోటి టీచర్ ఒకరు రోజూ అంటున్నారట. ప్రిన్సిపాల్‌కి చెబుదామంటే ఆయన మనసు నొచ్చుకుంటుందేమోనని భయం. చెప్పకుండా ఉంటే, లోపల ఏమీ లేని పనికి తానే ఇన్‌ఛార్జిగా ఉన్నానన్న బాధ. నిద్ర పట్టడం లేదని రాశారు. టూల్స్ మానేయాలా, ప్రాజెక్టులే మానేయాలా, ఇన్‌ఛార్జి బాధ్యత వదిలేయాలా అని అడిగారు.

టీచర్ గారూ,

ఆ అమ్మాయి చెప్పిన జవాబును మీ ఓటమిగా రాశారు. నాకు అలా అనిపించలేదు. ఆ పిల్ల భయపడకుండా ఉన్న నిజం చెప్పింది. మీ ముందు నిజం చెప్పగలిగే పిల్లలు మీ క్లాసులో ఉన్నారు, అది చిన్న విషయం కాదు. పైగా రోగం ఎక్కడుందో ఆ మాటలోనే ఉంది. షీటు ఆ పిల్లకి నింపాల్సిన ఫారంలా కనిపించింది. ఆ షీటు తనకు ఏ పనికొస్తుందో ఎవరూ చూపించలేదు. ఐదు టూల్స్ తప్పనిసరి అన్న రూలుతో చూపించే సమయం మీకూ దొరకలేదు.

నేను నమ్మేది ఒక్కటే. ఒక టూల్ వాడాక ప్రాజెక్టులో తర్వాత చేయబోయే పని మారాలి. కె.డబ్ల్యు.ఎల్. షీటు నింపకముందు రేపు ఏం చేద్దామనుకున్నారో, నింపాక కూడా అదే చేస్తే ఆ షీటు అక్కడ అక్కర్లేదు. టూల్ ఎంత మంచిదైనా, ఎవరు కనిపెట్టినదైనా సరే.

మీ మొక్కల ప్రాజెక్టే తీసుకుందాం, అది చాలా మంచి ప్రశ్న. కె.డబ్ల్యు.ఎల్. పద్ధతిని 1986లో డోనా ఓగల్ ప్రతిపాదించినప్పుడు, పిల్లలు ఒక పాఠ్యభాగం చదవబోయే ముందు టీచర్ క్లాసు మొత్తంతో మాట్లాడించడానికి ఉద్దేశించారు. ఒకరు ఒకటి అంటారు, ఇంకొకరు కాదంటారు, ఆ తేడాలోంచి ప్రశ్న పుడుతుంది. ఆ మాటలన్నీ మరచిపోకుండా రాసుకునేదే చార్టు. మాట తీసేసి చార్టు మాత్రమే పంచితే పిల్లలు పాఠంలోని వాక్యాలు రాయక ఏం రాస్తారు? వాళ్ళని ముందు బయటికి తీసుకెళ్ళండి. చచ్చిపోయిన మొక్కలు ఏ వైపున్నాయి, బతికినవి ఏ వైపున్నాయి, ఒక్కొక్కరినీ సొంతంగా గీసుకోమనండి. ఉదాహరణకు గోడ పక్కన నాటినవన్నీ పోయాయి, గేటు వైపువి బతికాయి అనుకుందాం. అప్పుడు "మొక్కలకు నీరు కావాలి" అన్న వాక్యం దానంతటదే చాలదని తేలిపోతుంది. నీళ్ళు రెండు వైపులా ఒకరే పోస్తుంటే, అటువైపే ఎందుకు పోయాయి? ఈ ప్రశ్న పిల్లల నోటి నుంచి వచ్చాక చార్టు తీయండి. రెండో గడి ఎలా నిండుతుందో మీరే చూస్తారు.

ఇక కారణాలు. ఫిష్‌బోన్ బొమ్మను జపాన్ ఇంజనీరు కవోరు ఇషికావా కార్ఖానాల్లో నాణ్యత లోపాలకు కారణాలు వెతకడానికి ప్రచారంలోకి తెచ్చారు. అన్ని వైపులా వెతికామా లేదా అని చూసుకోవడానికి బాగుంటుంది. కానీ దానికి ఒక పరిమితి ఉంది, ట్రైనింగుల్లో ఇది అంతగా చెప్పరు. అందులో ప్రతి ముల్లూ సమస్య రాసిన తలవైపే చూస్తుంది, ఒక కారణం ఇంకో కారణాన్ని ఎలా పెంచుతుందో కనిపించదు. మొక్కలు చస్తుంటే పిల్లలకు ఆసక్తి పోతుంది. ఆసక్తి పోతే నీళ్ళు పోయడం తగ్గుతుంది. నీళ్ళు తగ్గితే ఇంకా మొక్కలు చస్తాయి. ఇది చక్రంలా తిరిగే వ్యవహారం. దీన్ని ఫిష్‌బోన్‌లో పెట్టలేం. బాణాలతో గీసే కారణాల పటంలో పెట్టొచ్చు. ప్రతి బాణం మీద "పెంచుతుంది" లేదా "తగ్గిస్తుంది" అని రాయమనండి. అలా రాయాల్సి వచ్చేసరికి, తెలిసి గీసిన బాణమేదో ఊరికే గీసినదేదో బయటపడుతుంది. చక్రం కనిపించాక పని కూడా మారుతుంది: దాన్ని ఎక్కడ తెంపాలి అన్నది పిల్లలు తేల్చుకోవాల్సిన విషయం అవుతుంది.

ఇంటెల్ కంపెనీ ఒకప్పుడు బడుల కోసం ఇలాంటివి మూడు ఆన్‌లైన్ టూల్స్ ఉచితంగా ఇచ్చింది. ఒకటి వరుసక్రమం పెట్టి కారణం రాసేది, ఒకటి కారణాల పటం గీసేది, ఒకటి వాదనకు ఆధారాలు పేర్చేది. మూడింటినీ కాగితం మీదే చేసుకోవచ్చు. వీటిలో మూడోది నాకు అన్నిటికంటే ఇష్టం. అందులో ఆధారాన్ని రెండు విధాలుగా తూచమంటారు: ఈ ఆధారాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? నమ్మినా, అది మన వాదనను ఎంతవరకు నిలబెడుతుంది? పిల్లలు సాధారణంగా ఈ రెండింటినీ కలిపేస్తారు.

మీ పిల్లలు వాచ్‌మన్‌ని అడిగారనుకోండి. "సెలవుల్లో నీళ్ళు పోసేవాళ్ళు లేక చచ్చాయి" అన్నాడు. రోజూ అక్కడే ఉండే మనిషి, కళ్ళతో చూసి చెబుతున్నాడు, నమ్మొచ్చు. కానీ సెలవులు గేటు వైపు మొక్కలకూ ఉన్నాయి కదా? కాబట్టి ఆ మాట నిజమే అయినా, గోడ పక్కవే ఎందుకు పోయాయన్న ప్రశ్నకు సరిపోదు. ఇక్కడ పిల్లలు మరో ఆధారం వెతకాలి. రెండు వైపులా ఒకే లోతు, ఒకే వెడల్పు గుంట తవ్వి, ఒక్కో మగ్గు నీళ్ళు పోసి, ఎంతసేపట్లో ఇంకుతాయో గడియారం పెట్టి చూడమనండి. గోడ కట్టినప్పటి రాళ్ళూ సిమెంటు ముక్కలూ కింద గట్టిపడి ఉంటే నీళ్ళు ఇంకకుండా నిలిచిపోవచ్చు. నేలలో తేడా ఏమీ లేదని కూడా తేలొచ్చు, అప్పుడు నీడ సంగతి చూడాలి. ఏది తేలినా, పిల్లలు ఒక కాగితం మీది గీత వల్ల లేచి వెళ్ళి ఒక పని చేశారు. నేను చెప్పేది దీని గురించే.

ఆరు టోపీల విషయంలో మీకు ఎవరో తప్పు చెప్పారు. 1985లో ఎడ్వర్డ్ డి బోనో దీన్ని రాసినప్పుడు ఉద్దేశం, అందరూ ఒకే సమయంలో ఒకే టోపీ పెట్టుకోవాలని. పది నిమిషాలు అందరూ కలిసి ప్రమాదాలే వెతుకుతారు, తర్వాత అందరూ కలిసి లాభాలే వెతుకుతారు. మనుషుల మధ్య వాదన తగ్గించడానికే అది. ఒక్కొక్కరికీ ఒక్కో రంగు పంచితే వాదన పెరుగుతుంది. నల్ల టోపీ పిల్లవాడిని ఏమీ అనకండి, వాడికి ఇచ్చిన పని వాడు చేశాడు. ఈ ప్రాజెక్టు వరకు ఆ టోపీలు పక్కన పెట్టేయడం మంచిది.

ఒక్కరే రాసి మిగతావాళ్ళు చూసే సమస్యకు మందు చాలా పాతదే. ముందు ఎవరికి వారు ఒంటరిగా ఆలోచించి రెండు ముక్కలు రాయాలి, తర్వాత పక్కవాళ్ళతో మాట్లాడాలి, ఆ తర్వాతే గ్రూపు షీటు. ఫ్రాంక్ లైమన్ 1981లో ఈ పద్ధతికి ఆలోచించు, జత కట్టు, పంచుకో అని పేరు పెట్టారు. గ్రూపు షీటు మీద ఎవరి వాక్యం ఎవరిదో పేరు రాయించండి. ఇంకో మాట. మీరు ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నారో గమనించుకోండి. మేరీ బడ్ రో తరగతి గదులను పరిశీలించినప్పుడు టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. మూడు సెకన్లు ఆగితే జవాబుల పొడవు పెరిగింది, మాట్లాడని పిల్లలు మాట్లాడారు. సిలబస్ టెన్షన్‌లో ఉన్న టీచర్‌కి ఆ మూడు సెకన్లు చాలా ఎక్కువగా అనిపిస్తాయి. అయినా ఆగండి.

మీ తోటి టీచర్ మాటను కొట్టిపారేయకండి. ఆయన వైపు కూడా బలమైన వాదన ఉంది. 2006లో కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక వ్యాసంలో, విషయం కొత్తగా నేర్చుకునే పిల్లలను సరైన మార్గదర్శనం లేకుండా వదిలేస్తే నేర్చుకోవడం తగ్గుతుందని గట్టిగా వాదించారు. మనసు ఒకేసారి మోయగల బరువు తక్కువ, అంతా తనే వెతుక్కోవాలంటే ఆ బరువు కిందే నలిగిపోతుంది అన్నది వాళ్ళ కారణం. మరుసటి ఏడాదే హెమెలో-సిల్వర్, డంకన్, చిన్ దానికి జవాబిచ్చారు. మంచి ప్రాజెక్టు చదువు పిల్లలను వదిలేయదు, అడుగడుగునా ఆసరా ఇస్తుంది, ఆ ఆసరాలో నేరుగా పాఠం చెప్పడం కూడా భాగమే అన్నారు. రెండు వ్యాసాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే మీ క్లాసుకి పనికొచ్చేది స్పష్టంగా కనిపిస్తుంది. నేల గురించి ఏమీ తెలియని పిల్లలకు ఎంత మంచి పటం ఇచ్చినా అందులో పెట్టడానికి ఏమీ ఉండదు. గుంటల పరీక్ష అయిన మర్నాడే నేల రకాలు, నీరు ఇంకడం, వేళ్ళకు గాలి ఎందుకు కావాలి అన్న పాఠం నేరుగా, శుభ్రంగా చెప్పేయండి. అప్పటికి పిల్లలకు ఆ పాఠంతో అవసరం పడి ఉంటుంది. ఆ పీరియడ్ సిలబస్‌లోకే వస్తుంది, ఆ మాట తోటి టీచర్‌కి కూడా చెప్పొచ్చు.

ఈ బరువు సంగతి టూల్స్‌కీ వర్తిస్తుంది. కొత్త విషయం, కొత్త టూల్ ఒకే రోజు ఇవ్వకండి. ఆధారాల షీటును మొదటిసారి వాడేటప్పుడు పిల్లలకు బాగా తెలిసిన సంగతి మీద వాడండి. "ఆటల పీరియడ్ ఉదయం ఉండాలా, సాయంత్రం ఉండాలా?" లాంటిది చాలు. బోర్డు మీద మీరే ఒకసారి, పైకి ఆలోచిస్తూ, తప్పనిపిస్తే కొట్టేస్తూ చేసి చూపించండి. కొట్టివేతలు పిల్లలు చూడాలి. షీటు నీట్‌గా ఉండాలన్న భయం అలా చేస్తేనే పోతుంది. రెండు మూడు ప్రాజెక్టుల్లో అదే టూల్ వాడాక అచ్చేసిన షీటు ఇవ్వడం మానేసి, తెల్ల కాగితం ఇచ్చి చూడండి. ఆధారాలను వాళ్ళంతట వాళ్ళే రెండు రకాలుగా తూచగలిగితే టూల్ వాళ్ళదైనట్టు. 1976లో వుడ్, బ్రూనర్, రాస్ చిన్నపిల్లలు చెక్క దిమ్మెలతో పిరమిడ్ కట్టడాన్ని గమనించి రాసిన వ్యాసం నుంచే చదువులో ఆసరా అన్న ఆలోచన బాగా వ్యాపించింది. పిల్లలు సొంతంగా చేయగలిగేకొద్దీ పక్కనున్న పెద్దవాళ్ళు తమ సాయం తగ్గించుకోవాలన్నది ఆ ఆలోచనకు ప్రాణం. మీ బడి రూలులో షీట్లు ఇవ్వడం ఉంది, తీసేయడం లేదు.

ఇప్పుడు మీరు అడిగిన దారులు చూద్దాం.

ఉన్నది ఉన్నట్టు నడిపించవచ్చు. ఫైల్ నిండుతుంది, ఎవరూ నొచ్చుకోరు. కానీ ఆలోచించడం అంటే గళ్ళు నింపడమేనని పిల్లలు నేర్చుకుంటారు, ఆ అలవాటు మాన్పించడం తర్వాతి టీచర్లకు కష్టం. మీ నిద్ర సంగతి మీరే రాశారు. ఈ దారిలో అది బాగుపడుతుందని నేను అనుకోను.

ప్రాజెక్టులు ఆపేసి పాఠాలు చెప్పుకోవచ్చు. ఇది నేరమేమీ కాదు. పరీక్షలు దగ్గరపడి ఉంటే ఒక టర్మ్ ఆపడం తెలివైన పనే అవుతుంది. అయితే జవాబు ముందే తెలియని ప్రశ్నను పట్టుకుని కొన్ని వారాలు కుస్తీ పట్టే అవకాశం పిల్లలకు పోతుంది. పాఠం ఎంత బాగా చెప్పినా ఆ అనుభవాన్ని ఇవ్వలేదు. ఆపితే, మళ్ళీ ఎప్పుడు మొదలుపెడతారో తేదీ రాసుకుని మరీ ఆపండి.

ఇన్‌ఛార్జి బాధ్యత వదిలేస్తే మీ సొంత క్లాసుకి సమయం దొరుకుతుంది. కానీ ఐదు టూల్స్ రూలు అలాగే ఉంటుంది, దాని కింద ఇంకొకరు నలుగుతారు. ఆ రూలును మార్చగల స్థానంలో ఇప్పుడున్నది మీరే. పూర్తిగా వదలకుండా ఇంకో టీచర్‌తో పంచుకోవడం కుదురుతుందేమో అడగండి. రోజూ మాట అనే ఆ తోటి టీచర్‌నే అడిగితే ఇంకా మంచిది. "ఈ ప్రాజెక్టులో నేరుగా పాఠం ఎక్కడ చెప్పాలో మీరు చెప్పండి" అంటే ఆయనకు తెలిసిన విద్యతోనే ఆయన లోపలికి వస్తారు.

నాలుగోది, టూల్స్‌ను రెండుకు తగ్గించడం. నా మొగ్గు దీనివైపే అని మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. కారణాల పటం ఒకటి, ఆధారాల షీటు ఒకటి. మిగతావి అవసరం వచ్చిన రోజు చూసుకోవచ్చు. దీనికీ ఖర్చు ఉంది. మొదటి ప్రాజెక్టు నెమ్మదిగా నడుస్తుంది, ఫైల్ పలచబడుతుంది. అన్నిటికంటే ముందు, ప్రిన్సిపాల్‌తో మాట్లాడక తప్పదు.

ఆ మాటకు మీరు అనవసరంగా భయపడుతున్నారని నాకు అనిపిస్తోంది. ఆయన ఈ పని ఇష్టంతో మొదలుపెట్టారని మీరే రాశారు. ఇష్టం ఉన్న మనిషికి "మీ పద్ధతి పని చేయడం లేదు" అంటే నొప్పి కలుగుతుంది, "ఇది నిజంగా పని చేయాలంటే ఇలా చేద్దాం" అంటే వింటారు. ఒట్టి మాటలతో వెళ్ళకండి. ఒక గ్రూపు నింపిన పాత కె.డబ్ల్యు.ఎల్. షీటు ఒకటి, గుంటల పరీక్ష తర్వాత అదే గ్రూపు గీసిన కారణాల పటం ఒకటి తీసుకెళ్ళి ఆయన టేబుల్ మీద పక్కపక్కన పెట్టండి. "సార్, ఒక్క టర్మ్, ఒక్క సెక్షన్‌లో ఐదింటి బదులు రెండు టూల్స్‌తో చేయనివ్వండి. మిగతా సెక్షన్లు పాత పద్ధతిలోనే నడుస్తాయి. చివర్లో మీరే వచ్చి రెండు సెక్షన్ల పిల్లలతోనూ మాట్లాడండి" అని అడగండి. ఇందులో ఆయన పోగొట్టుకునేది చాలా తక్కువ. ఒకవేళ ఒప్పుకోకపోతే, రూలు ప్రకారం ఐదు షీట్లు పెట్టండి, కానీ మూడింటిని అయిదేసి నిమిషాల్లో ముగించి సమయమంతా ఆ రెండింటికే ఇవ్వండి. అది మోసం కాదు. ఏది ముఖ్యమో నిర్ణయించడం టీచర్ పనే.

మార్కుల గురించి మీరు అడగలేదు, కానీ చెప్పాలి. షీటు నిండిందా లేదా అన్నదానికి మార్కులు ఉన్నంతకాలం పిల్లలు నింపుతూనే ఉంటారు. ఆ మార్కులను తాము అనుకున్నదాన్ని ఆధారం చూసి మార్చుకున్న చోటుకి ఇవ్వండి. "మొదట ఇలా అనుకున్నాను, ఇది చూశాక ఇలా అనుకుంటున్నాను" అని రెండు వాక్యాలు రాయించే చిన్న పద్ధతి ఒకటి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ప్రాజెక్ట్ జీరో వాళ్ళు ప్రచారంలోకి తెచ్చారు. ప్రాజెక్టు మొదట్లో ఒకసారి, చివర ఒకసారి, ఒక్కొక్కరితో విడివిడిగా రాయించండి. రంగులు వేస్తూ కూర్చునే పిల్లలు ఏం ఆలోచిస్తున్నారో కూడా మీకు అప్పుడు తెలుస్తుంది. ఆలోచన మారలేదని రాసినా ఫరవాలేదు, ఎందుకు మారలేదో ఆధారంతో రాస్తే మార్కులు ఇవ్వండి.

పేరెంట్స్ చేసే మోడళ్ళ సమస్య కూడా దీంతోనే చాలావరకు తీరుతుంది. ఎగ్జిబిషన్‌కి ముందే ఇళ్ళకు కబురు పంపండి: ఈసారి మోడల్ అక్కర్లేదు, పిల్లలు గీసిన మొదటి పటం, చివరి పటం, మధ్యలో చేసిన పరీక్షల లెక్కలు గోడకు పెడతాం, చూడటానికి వచ్చినవాళ్ళు ఏ పిల్లనైనా "ఇది ఎందుకు మార్చారు?" అని అడుగుతారు, జవాబు ఆ పిల్లే చెప్పాలి అని. కొంతమంది పేరెంట్స్‌కి ఇది మొదట నచ్చకపోవచ్చు, గోడలు పోయినేడంత అందంగా ఉండవు. వాళ్ళు అడిగితే ఆ గుంటల దగ్గరికి తీసుకెళ్ళి, వాళ్ళ పిల్లల చేతే మగ్గుతో నీళ్ళు పోయించి చెప్పించండి.